నిజాయితీ గల కెమిస్టుకి అవార్డు నామినేషన్ ఎలా రాయాలి

పైడిభీమవరం మందుల కంపెనీల ల్యాబుల్లో నా పాత స్టూడెంట్లు చాలామందే ఉన్నారు. "మాస్టారూ, మా సీనియర్ పేరు అవార్డుకి పంపాలి, కాస్త రాసిపెట్టండి" అంటూ శ్రీకాకుళంలో మా ఇంటికి వస్తుంటారు. రాసిపెట్టను గానీ ఎలా రాయాలో చెప్తాను.

ముందు ఆ మనిషిని అడగండి. తప్పుడు రిపోర్టు మీద సంతకం పెట్టనన్న మనిషి పేరు బయటికొస్తే చప్పట్లు మనవి, ఉద్యోగం టెన్షన్ ఆయనది.

ఏ అవార్డు ఏ పనికిస్తారో చూసుకోండి. రసాయన ఆయుధాల నిషేధ సంస్థకు 2013లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ డబ్బుతో 2014లో హేగ్ అవార్డు మొదలైంది. అది ఆ ఆయుధాలు లేని లోకం కోసం పాటుపడినవాళ్లకి. మందుల కంపెనీలో నిజాయితీకి వేరే అవార్డు వెతుక్కోవాలి.

ఇక ఉత్తరం. మన సన్మానపత్రాల భాష వద్దు. "బహుముఖ ప్రజ్ఞాశాలి" శాలువాతో పాటు మడతపెట్టేసే మాట. ఏం చేశారు, దానికి ఏం పోగొట్టుకున్నారు, అదే రాయండి. అమెరికా కెమిస్టు లైనస్ పాలింగ్‌నే చూడండి: 1952లో అమెరికా ప్రభుత్వం ఆయనకి పాస్‌పోర్టు నిరాకరించింది. అయినా తగ్గలేదు. 1958లో అణుపరీక్షలు ఆపాలంటూ 11,000 మందికి పైగా శాస్త్రవేత్తల సంతకాలతో ఐక్యరాజ్యసమితికి అర్జీ ఇచ్చారు. ఇందులో ఒక్క పొగడ్తైనా ఉందా?

మన ల్యాబు సంగతైతే ఇలా: "అస్సే, అంటే మందులో అసలు పదార్థం ఎంతుందో చూసే పరీక్షలో, రీడింగ్ తక్కువొచ్చింది. శాంపిల్‌ని ఇంకోసారి మెషిన్‌లోకి ఇంజెక్ట్ చేసి, మంచి రీడింగే రాసెయ్యమన్నారు. ఆమె మొదటి రీడింగ్ అలాగే ఉంచి, ఎంక్వైరీ కోసం రాసిచ్చింది." అంతే చాలు. సాక్ష్యం కోసం కంపెనీ లాగ్‌బుక్ జిరాక్సులు మాత్రం జతచేయకండి, అది ఆమె మెడకే చుట్టుకుంటుంది. పక్కన పనిచేసిన ఇద్దరి ఉత్తరాలు పెట్టండి.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పనిచేసినవాళ్ల గురించైతే మరీ జాగ్రత్త. "నీళ్లలో కారణం కనిపెట్టారు" అని రాశారో, చదివే కెమిస్టు కాగితం అక్కడే పక్కన పెడతాడు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఏ ఊరి బోరు, ఏ నెలలో తీసిన శాంపిల్, రిజల్టు ఊరివాళ్లకి చెప్పారా లేదా, అవి రాయండి. కవిటిలోనో సోంపేటలోనో ఆ రిజల్టు తెలుగులో రాసి జనం చేతికిచ్చినవాళ్లుంటే నా ఓటు వాళ్లకే.

పంపేముందు ల్యాబు ముఖం చూడనివాళ్లతో చదివించండి. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. "ఇంతకీ ఈయన ఏం చేశాడండీ?" అని ఆమె అడిగిందంటే మొదటి పేరా మళ్లీ రాయాల్సిందే.