వానల్లో గుట్ట ఎక్కేవాళ్లు: ఎక్కిన దారినే దిగండి

వానలు ఇట్లా పడ్డాయో లేదో, గుట్ట మీద నుంచి జారిపడ్డ కుర్రాడి వార్త మళ్లీ వచ్చింది. భువనగిరి, రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ... తెలంగాణలోని ఇలాంటి కోట గుట్టలు పచ్చబడ్డాక ఎక్కాలని ఎవరికైనా అనిపిస్తుంది, ఎక్కండి. నీళ్లు, బూట్ల సంగతి మీకు తెలిసిందే.

నేను చెప్పేది ఒక్కటే. ఎక్కిన దారినే దిగండి. మన గుట్టల్లో చాలావరకు పరుపుబండలు. పైన చదునుగానే ఉంటుంది, దిగేకొద్దీ వాలు కొంచెం కొంచెంగా పెరుగుతుంది, బోర్లించిన మూకుడులాగా. పైనుంచి చూస్తే కింద చెట్లు, రోడ్డు, మీరు పెట్టిన బండి కూడా కనిపిస్తాయి, మధ్యలో నిలువుగా దిగే భాగం మాత్రం కనపడదు. 'ఇటు నుంచైతే దగ్గర' అని పది అడుగులు వేస్తారు, ఇంకో పది వేస్తారు, చెప్పు పట్టు వదిలేదాకా తెలియదు, అప్పటికి వెనక్కి తిరగడానికి చోటుండదు. నేను చూసినంతలో ఎక్కేటప్పుడు పడ్డవాళ్లు తక్కువ. పడ్డది దిగేటప్పుడే, అదీ అడ్డదారిలో.

బండ మీద నల్లటి చారలు చూసే ఉంటారు. అవి వాననీళ్లు పారే దారులు, అక్కడ పాచి ఉంటుంది. ఎండకు గరుకుగా ఉన్న ఆ చార మీద చిన్న జల్లు పడినా కాలు నిలవదు. పొద్దున పొడిగా ఎక్కిన బండ సాయంత్రానికి అదే బండ కాదు. ఉరుములు లేకపోతే ఆరేదాకా ఆగండి. ఉరుము వినిపిస్తే మాత్రం ఆగొద్దు, కూర్చుని జరుగుతూ అయినా సరే దిగండి, వచ్చిన దారినే.

బురుజు మీద, ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు.

దొనల్లో, అంటే బండ మీద నీళ్లు నిలిచే లోతైన గుంటల్లో, దిగొద్దు. అంచంతా పాచి, గోడలు నిలువు, ఈత వచ్చినవాడికి కూడా పట్టు దొరకదు.

తేనెపట్టు కనిపిస్తే సిగరెట్ వద్దు, అరుపులు వద్దు, రాయి అసలే వద్దు.

మందు తాగి ఎక్కొద్దు. వెనక్కి నడుస్తూ ఫోటో దిగొద్దు.

సీతాఫలాల కోసం చీకటి పడే వేళ పొదల్లో దూరొద్దు, ఎలుగుబంట్లు కూడా వాటికోసమే వస్తాయి.

పిల్లల్ని ముందు పరుగెత్తనివ్వొద్దు.

దారి తప్పారా, కిందికి కాదు, పైకి వెళ్లండి, మెట్లు దొరికేదాకా. అడ్డదారి వద్దు, ఎంత దగ్గరగా కనిపించినా వద్దు.

ఎవరైనా వాలు మీద ఇరుక్కుంటే కదలకుండా కూర్చోమనండి, 112కు ఫోన్ చేయండి. చున్నీలు, టవళ్లు ముడేసి లాగొద్దు. వాళ్లకోసం ఇంకొకరు ఆ వాలు మీదికి దిగొద్దు.