మనసు దిద్దుబాటు – 4వ పాఠం: మధ్య గడిలో రాయవలసిన వాక్యం

గత పాఠంలో ఇచ్చిన మూడు గడుల పట్టికను చాలామంది శ్రద్ధగా నింపారు. మొదటి గడిలో జరిగిన సంగతి, మూడో గడిలో కలిగిన ఉద్వేగం, మధ్య గడిలో ఆ రెంటినీ కలిపిన ఆలోచన రాయమన్నాను. మొదటి గడి, మూడో గడి దాదాపు అందరివీ సరిగానే ఉన్నాయి కాబట్టి వాటి జోలికి ఈసారి వెళ్లను. మధ్య గడి దగ్గరే చిక్కు వచ్చింది. పట్టిక రాశాక కోపం తగ్గకపోగా మరింత పెరిగిందనీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదనీ పలువురు తెలియజేశారు. ఈ వారం వాయిదా వేసే అలవాటు గురించి చెప్పవలసి ఉన్నా, ఈ చిక్కు విప్పకుండా ముందుకు పోతే తరువాతి పాఠాలేవీ పనిచేయవు.

పట్టికలన్నీ ఒకచోట పెట్టి చూస్తే కారణం స్పష్టంగా కనబడింది. మధ్య గడిలో ఎక్కువమంది తమ ఊహను రాశారు: "మేనేజర్ నన్ను పక్కన పెడుతున్నాడు", "మా అబ్బాయి నా మాట లెక్కచేయడం లేదు", "చుట్టాలందరూ నవ్వుకుని ఉంటారు". రాసిన తరువాత ఆ ఊహ నిజమా, కాదా అని తమలో తామే వాదించుకున్నారు. నిజమని తేలినవారికి కోపానికి కొత్త బలం వచ్చింది. కాదని తేలినవారికి కాస్త ఊరట దొరికినా, మరో సంఘటన ఎదురుకాగానే అది కూడా పోయింది.

ఒక పట్టికను, వివరాలు కొంత మార్చి, పూర్తిగా పరిశీలిద్దాం. కూకట్‌పల్లిలో ఉంటున్న ఒక గృహిణి ఆడపడుచు గృహప్రవేశానికి వెళ్లారు. భోజనాల దగ్గర అత్తగారు నలుగురూ వింటుండగా, "మా కోడలికి పచ్చిపులుసు చేయడం కూడా రాదు, మా ఇంట్లో అంతా స్విగ్గీయే" అన్నారు. మూడో గడిలో "పట్టరాని కోపం, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు" అని ఉంది. మధ్య గడిలో "అత్తయ్యకు మొదటి నుంచీ నేనంటే చిన్నచూపు" అని ఉంది. దాని కింద రెండు జాబితాలు. చిన్నచూపు ఉందనడానికి రుజువులు కాగితం చివరిదాకా సాగాయి. లేదనడానికి ఒక్కటే ఉంది: తనకు డెంగీ వచ్చినప్పుడు అత్తగారు రాత్రిపూట లేచి జావ కాచి ఇచ్చారు. చివరికి చిన్నచూపు ఉందన్న జాబితాయే పొడవుగా ఉందని తేల్చుకుని, ఆ కాగితాన్ని భర్తకు చూపించారు. ఆ తరువాత ఇంట్లో ఏం జరిగిందో వేరే చెప్పనక్కరలేదు.

ఆమె శ్రమ పడలేదని ఎవరూ అనలేరు, కానీ ఆ శ్రమంతా అత్తగారి మనసును విచారించడానికే పోయింది. ఇక్కడ చేయవలసింది వేరు. ఊహను వాదన లేకుండా ఒప్పుకోవాలి. "సరే, అత్తయ్యకు నేనంటే చిన్నచూపే అనుకుందాం" అని రాసి, దాని కింద "అయితే ఏమిటి?" అని అడగాలి. వచ్చిన జవాబు కింద మళ్లీ అదే ప్రశ్న. ఆమె చేత ఇలా చేయిస్తే వరుసగా ఈ వాక్యాలు వచ్చాయి: "ఇన్నేళ్లు ఆ ఇంటికి ఇంత చేశాను. ఆమె నన్ను గౌరవించి తీరాలి. నలుగురిలో అలా అనడం ఘోరం. ఇది నేను భరించలేను." రెండు రోజుల మౌనానికి కారణం ఈ చివరి మూడు వాక్యాలు. మధ్య గడిలో ఉండవలసినవి ఇవే.

1955లో న్యూయార్క్‌లో ఈ పద్ధతికి రూపమిచ్చిన మానసిక చికిత్సకుడు ఆల్బర్ట్ ఎల్లిస్ అంతకుముందు మనోవిశ్లేషణ (మనసు లోతుల్లో దాగిన కారణాలను వెతికే ఫ్రాయిడ్ పద్ధతి) చేసినవాడే. మనిషిని కలతపెట్టేది సంఘటన కాదు, దాని గురించిన అభిప్రాయం అన్న ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ మాటను ఆయన తరచూ తలచుకునేవాడు. ఆయన ప్రత్యేకత ఏమిటంటే, అభిప్రాయాలన్నిటినీ ఒకే గాటన కట్టకుండా, నాలుగు రకాల వాటిని వేరుచేసి చూపాడు: ఇలా జరిగి తీరాలన్న పట్టు, జరగకపోతే ఘోరమన్న తీర్పు, నేను తట్టుకోలేనన్న నమ్మకం, ఒక్క పని చూసి మొత్తం మనిషికి వేసే మార్కు. 1960లలో అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన చికిత్సలో ఊహకు సాక్ష్యం వెతకడం ముఖ్యమైన మెట్టు. దానివల్ల మేలు పొందినవారు ఎందరో ఉన్నారు. అయినా ఒంటరిగా, పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకునేవారికి ఎల్లిస్ దారే నయమని నా అభిప్రాయం. సాక్ష్యాలు తూచేటప్పుడు కోపంలో ఉన్న మనిషే న్యాయమూర్తి అవుతాడు.

పైగా ఊహ చాలాసార్లు నిజమే అవుతుంది. ఎల్లిస్ సొంత జీవితంలోనే దీనికి ఉదాహరణ ఉంది. స్త్రీలతో మాట్లాడాలంటే విపరీతంగా భయపడే ఆయన, 19 ఏళ్ల వయసులో బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌కు రోజూ వెళ్లి, బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ప్రతి స్త్రీనీ పలకరించాలని నియమం పెట్టుకున్నాడు. నెల రోజుల్లో సుమారు వందమందితో మాట్లాడితే, మళ్లీ కలుస్తానన్నది ఒక్కరే. ఆవిడా రాలేదు. అంటే "నన్ను కాదంటారు" అన్న ఊహ పూర్తిగా నిజమైంది. అయినా భయం పోయింది, ఎందుకంటే కాదనిపించుకోవడం తట్టుకోలేనిది కాదని ఆయనకు అనుభవంలో తెలిసింది.

ఇది తెలిసినా ఒప్పుకోవడం కష్టమయ్యేది నిజంగా అన్యాయం జరిగినచోట. చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకునే ఒక అభ్యర్థి అడిగిన ప్రశ్నను పక్కన పెట్టలేను. 2022 అక్టోబరులో రాసిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపరు లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. "ఇందులో నా ఆలోచన తప్పేముంది?" అని ఆయన ప్రశ్న. అన్యాయం జరిగిందన్న మాటలో తప్పేమీ లేదు. దాన్ని మొదటి గడిలో, ఉన్నది ఉన్నట్లుగా రాయండి. దాని మీద కోపం రావడమూ సహజమే. కానీ మధ్య గడిని తవ్వితే రెండు వాక్యాలు దొరుకుతాయి: "కష్టపడినవాడికి ఇలా జరగనే కూడదు", "ఈ వయసుకి ఉద్యోగం లేనివాణ్ణి, నేను దేనికీ పనికిరాను". మొదటిది లోకానికి మనం విధించిన చట్టం, లోకం దాన్ని ఎన్నడూ అంగీకరించలేదు. రెండోది, ఒక పరీక్ష రద్దయిన సంగతి నుంచి ఒక మనిషి విలువను లెక్కకట్టడం. పుస్తకం తెరవనివ్వకుండా మంచం మీద పడుకోబెట్టేది ఈ రెండో వాక్యమే కాబట్టి ముందు దానితోనే వాదించాలి.

వాదించడానికి ప్రశ్నలు మూడు. అలా జరిగి తీరాలని ఎక్కడ రాసి ఉంది? నాకు ఇష్టమైనంత మాత్రాన అది తప్పనిసరి ఎలా అవుతుంది? ఈ పట్టు వల్ల నాకు ఒరిగేదేమిటి? పుస్తకాల్లో ఈ వరుసలోనే ఉంటాయి గానీ, నేను మూడోదానితో మొదలుపెడతాను; కోపంలో ఉన్నప్పుడు మనసు తర్కం వినదు, నష్టం మాత్రం వింటుంది.

వాదన తరువాత రాసే కొత్త వాక్యం నిజాయితీగా ఉండాలి. "అంతా మన మంచికే" అని రాసినవారు దయచేసి కొట్టివేయండి, అది మీరే నమ్మరు. కూకట్‌పల్లి గృహిణి చివరికి రాసుకున్నది ఇది: "అత్తయ్య గౌరవిస్తే నాకు చాలా బాగుంటుంది. గౌరవించి తీరాలన్న నియమం లేదు. అలా అన్నప్పుడు బాధగా ఉంటుంది, ఆ బాధను మోయగలను." కోపం చిరాకుగా, కొంత విచారంగా మారింది. అంతకుమించి ఆశించకండి. ఆ మరుసటి ఆదివారం ఆమె వంటింట్లో, "అత్తయ్యా, నలుగురిలో అలా అనకండి, నాకు బాధేస్తుంది" అని మామూలు గొంతుతో చెప్పగలిగారు. పట్టు వదలడమంటే నోరు మూసుకోవడమేనా అని చాలామంది అడిగిన సందేహానికి ఇదే జవాబు.

ఇంట్లో దెబ్బలు తింటున్నవారు, చావు ఆలోచనలు వస్తున్నవారు ఈ పట్టికతో కాలం గడపకూడదు. దెబ్బలు తింటున్నవారు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. చావు ఆలోచనలు వస్తున్నవారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడేవారుంటారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో వైద్యులూ ఉన్నారు.

ఇక సాధన. పాత పట్టికల్లో ఒకటి తీసి, మధ్య గడిని కొట్టివేసి, "అయితే ఏమిటి?" అని అడుగుతూ కొత్తగా రాయండి. ఫోనులో కాకుండా నోటుబుక్కులో చేత్తో రాస్తే మేలు, ఎందుకంటే చేయి నెమ్మదిగా కదులుతుంది. రెండోది కొంచెం కష్టమైనది. సిగ్గును ఎదుర్కోవడానికి ఎల్లిస్ తన దగ్గరికి వచ్చినవారిని సబ్‌వే రైల్లో స్టేషన్ల పేర్లు గట్టిగా పలకమనేవాడు. మీరు రద్దీ లేని వేళ మెట్రోలో అమీర్‌పేట్‌లో ఎక్కి, పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ అని ఒక్కో స్టేషన్ రాగానే పక్కవారికి వినబడేలా పలకండి. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు, కారణం చెప్పుకోకూడదు, నవ్వి దాటవేయకూడదు. వాళ్లు మిమ్మల్ని వింతగా చూస్తారు. ఆ ఊహ నిజమే. దిగిన వెంటనే ప్లాట్‌ఫారం మీదే నిలబడి మూడు గడులూ నింపండి. వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, వాయిదా వేసే అలవాటు గురించిన పాఠాన్ని దానితోనే మొదలుపెడతాం.