కొత్త పిస్టల్ ఇరుక్కోవడం ఎలా ఆగిందంటే

డాలస్ వచ్చి ఎనిమిదేళ్లయినా పిస్టల్ కొన్నది మొన్ననే. 9 ఎంఎం సెమీ ఆటోమేటిక్, మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. మొదటిరోజు షూటింగ్ రేంజ్‌లో 7 గజాల దూరంలో కాగితం పెట్టి మొదలెట్టాను. నాలుగో తూటాకే ఆగిపోయింది. చూస్తే పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి కేస్ బయట పడకుండా స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) మధ్య నిలువుగా ఇరుక్కుంది, పొగ గొట్టంలా. అందుకే ఇక్కడ దాన్ని స్టవ్‌పైప్ అంటారు. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి, ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, మ్యాగజైన్ ఊడదీసి, స్లైడ్ గట్టిగా లాగితే రాలింది. గంటలో ఐదుసార్లు ఇదే తంతు. డబ్బు తగలేశానా అని ఒకటే టెన్షన్.

పక్క లేన్‌లో పెద్దాయన నా పిస్టల్‌తోనే పది పేల్చాడు, ఒక్కటీ ఇరుక్కోలేదు! అంటే తప్పు నా మణికట్టుదే. ఖాళీ కేస్ బయట పడాలంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోవాలి, దానికి ఫ్రేమ్, అంటే చేత్తో పట్టుకునే కింది భాగం, కదలకూడదు. నా చెయ్యి వదులుగా ఉండి అదీ వెనక్కి పోతోంది. కుడిచేతి పట్టు బాగా పైకి జరిపి, ఎడమచేత్తో చుట్టి బిగించాను. ఇంట్లో స్లైడ్ జారే పట్టాలు తుడిచి రెండు చుక్కల నూనె వేశాను.

మరుసటి వారం 100 తూటాలకి ఒక్కసారే ఇరుక్కుంది, అదీ చెయ్యి అలిసిపోయాక. తూటాలన్నీ టార్గెట్ మీద ఎడమవైపు కిందికి ఎందుకు పడుతున్నాయో, ఆ సంగతి ఇంకా తేల్చుకోవాలి.