ఒంటరిగా పాతబస్తీ చూడబోయే ముందు

ముందు ఏ రోజు వెళ్తున్నారో చూసుకోండి. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసి ఉంటాయి. పైగా జుమ్మా నమాజు వేళ మక్కా మసీదు చుట్టూ జనం కిక్కిరిసి ఉంటారు. హైదరాబాద్‌కు కొత్తవాళ్లు ఎక్కువగా ఈ విషయంలోనే పొరపడతారు.

సొంత బండి వద్దు. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చి ఆటో ఎక్కండి. ఛార్జీ ముందే మాట్లాడుకోండి.

1591లో కట్టిన చార్మినార్ పైకి వెళ్లే మెట్లు ఇరుకు, ఎత్తు, మెలికలు. పెద్ద బ్యాగు భుజాన ఉంటే ఎదురొచ్చేవాళ్లకు దారి ఇవ్వలేరు. చిన్న బ్యాగు చాలు. మోకాళ్ల నొప్పులుంటే కింద నుంచే చూడండి, అందం ఏమీ తగ్గదు.

మసీదుకు వెళ్లాలనుకుంటే మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. ఆడవాళ్లు ఒక దుపట్టా ఉంచుకోవాలి. నమాజు చేసుకునేవాళ్లను ఫొటో తీయకండి. అది వాళ్ల ప్రార్థనా స్థలం, ఆ గౌరవం మనమే ఇవ్వాలి.

లాడ్ బజార్‌లో లక్క గాజులు తప్పక చూడండి. బేరం ఆడొచ్చు. ముత్యాలు మాత్రం బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి. రద్దీలో ఫోను, పర్సు వెనక జేబులో పెట్టకండి.

ఏ గల్లీల్లో తిరుగుతారో ఇంట్లో ఒకరికి చెప్పి, లైవ్ లొకేషన్ పంపండి. పవర్ బ్యాంక్, నీళ్లు, కొంత చిల్లర ఉంచుకోండి. ఎవరైనా వెంటపడుతున్నట్టు అనిపిస్తే మొహమాటపడకుండా దగ్గర్లోని దుకాణంలోకి వెళ్లి, 112కి ఫోన్ చేయండి.