వాడలో పిల్లల కేంద్రం: పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లతో వారానికి రెండు గంటలు

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఊళ్లలో గానీ, బస్తీల్లో గానీ టీనేజీ పిల్లల కోసం ఒక కేంద్రం మొదలుపెట్టాలనుకుంటే ముందుగా తేల్చుకోవాల్సింది రోజు, వేళ. ఆదివారం పొద్దున 9 నుంచి 11 దాకా బాగా కుదురుతుంది. 11 దాటితే అమ్మాయిలు ఉండలేరు, ఆదివారం కూర వండే వేళకు ఇంటి నుంచి పిలుపొస్తుంది. సాయంత్రం పెడితే హాస్టళ్లకు తిరిగిపోయే పిల్లలు దూరమవుతారు. పెట్టిన వేళ మార్చొద్దు. రెండు వారాలు వరుసగా తలుపుకు తాళం కనిపిస్తే మూడో వారం సగం మంది రారు, రానివాళ్లలో మనం అందుకోవాలనుకున్న పిల్లలే ఎక్కువగా ఉంటారు. పత్తి ఏరే కాలంలో, అంటే అక్టోబరు నుంచి జనవరి దాకా, చాలామంది ఆదివారం చేనుకే పోతారు. ఆ నాలుగు నెలలు బుధవారం సాయంత్రం 6 గంటలకు ఒక గంట పెట్టుకుని, అమ్మాయిలను గుంపుగా ఇళ్ల దాకా దింపి రావాలి.

చోటు విషయంలో తొందరపడొద్దు. గుడి మండపం, ఏదో పార్టీ నాయకుడి ఇల్లు, ఒక కులం వాళ్ల భవనం ఉచితంగా దొరికినా వద్దు. ఎవరి వాకిట్లో కూర్చోబెడితే వాళ్ల పిల్లలే వస్తారు, మిగతా వాడల పిల్లలు గడప దాకా వచ్చి వెనక్కి పోతారు. బడి గది, మహిళా సంఘం భవనం, గ్రంథాలయం అందరివి. మరుగుదొడ్డి పనిచేస్తుందా, లోపల గడియ పడుతుందా అని మీరే చూడండి. గడియ లేకపోతే అమ్మాయిలు నీళ్లు తాగకుండా వస్తారు, గంటకే వెళ్లిపోతారు, కారణం మాత్రం ఎవరికీ చెప్పరు.

ఇరవై మందికి ఇద్దరు పెద్దలు, అందులో ఒకరు కచ్చితంగా మహిళ. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోగానీ పిల్లవాడితోగానీ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. విడిగా మాట్లాడాల్సి వస్తే తలుపు తెరిచి, మాట వినపడకుండా మనుషులు కనపడే చోట కూర్చోవాలి. ఇది మొదటి రోజే పిల్లల ముందు చెప్పండి, వాళ్లకూ ఆ కట్టుబాటు తెలిసి ఉండాలి. తల్లిదండ్రుల నుంచి ఒక కాగితం మీద సంతకం తీసుకోండి: పిల్ల పేరు, ఇంటి ఫోన్, ఏదైనా జబ్బుకు మందులు వాడుతుంటే ఆ వివరం, కేంద్రం అయ్యాక ఎవరితో ఇంటికి పోతుంది. ఫొటోలకు విడిగా అడగాలి. అడగకుండా గ్రూపుల్లో పెట్టిన ఒక్క ఫొటోతో అమ్మాయిలను మాన్పించే ఇళ్లున్నాయి.

ఖర్చు పెద్దగా ఉండదు. రిజిస్టరు, పెన్నులు, ఒక బంతి, తాడు, తినడానికి ఏదో ఒకటి. కిలో శనగలు రాత్రి నానబోసి పొద్దున గుడాలు చేస్తే ఇరవై మందికి సరిపోతాయి. డబ్బు మాత్రం మొదటి నెల నుంచే పిల్లల చేతికివ్వండి. నెలకొకరు కోశాధికారి, ఇంకొకరు లెక్క చూసేవారు. దుకాణం చీటీ లేని ఖర్చు రాయకూడదు. లెక్కలో ఇరవై రూపాయలు తగ్గితే మీ జేబులోంచి కలపొద్దు. ఎక్కడ తప్పిందో వాళ్లే వెతకాలి. చాలా కేంద్రాలు చతికిలపడేది ఇక్కడే: పెద్దవాళ్లు లెక్కలు రాస్తారు, పెద్దవాళ్లు మాట్లాడతారు, పిల్లలు చప్పట్లు కొడతారు, ఆరు నెలలకు గది ఖాళీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నైపుణ్యాలను పదిగా చెప్పింది: తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి స్థానంలో నిలబడి ఆలోచించడం, నిజానిజాలు విచారించడం, కొత్తగా ఆలోచించడం, నిర్ణయం తీసుకోవడం, చిక్కు విప్పుకోవడం, స్పష్టంగా మాట్లాడటం, సంబంధాలు నిలుపుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం, ఉద్వేగాలను అదుపు చేసుకోవడం. వీటిని బోర్డు మీద రాసి పాఠంలా చెప్పొద్దు. రిజిస్టరు చివరి పేజీలో పది గళ్లు గీసి, ప్రతివారం పిల్లలు వెళ్లాక ఈ రోజు ఏది సాధన అయిందో మీరిద్దరూ గుర్తు పెట్టుకోండి. రెండు నెలలకు ఏ గడులు ఖాళీగా ఉన్నాయో తెలుస్తుంది. సాధారణంగా ఖాళీగా మిగిలేవి ఉద్వేగం, నిర్ణయం.

సాధన ఇంటి పనుల్లోంచే రావాలి. మన దగ్గర అందుకు మంచి వనరు తక్‌పట్టీ, అంటే పంట అమ్మినప్పుడు తూకం, ధర, కోతలు రాసిచ్చే చీటీ. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి అమ్మిన ప్రతి ఇంట్లో అది ఉంటుంది. ఇంటి పేరు కనపడకుండా మడిచి తెమ్మనండి. ముగ్గురికి ఒకటి ఇవ్వండి. బస్తాలెన్ని, మొత్తం తూకమెంత, క్వింటాల్ ధరెంత, హమాలీ ఎంత, దడ్వాయి (తూకం వేసినవాళ్ల కూలి) ఎంత, కమీషన్ ఎంత, చేతికొచ్చింది ఎంత అని విడివిడిగా రాయించాలి. ఉదాహరణకు 6 క్వింటాళ్ల 40 కిలోలు, క్వింటాల్ 7,000 అనుకుంటే 44,800 రావాలి. చాలామంది 40 కిలోలను 0.4 క్వింటాల్‌గా కాక 0.04గా వేసి 42,280 అంటారు. ఆ 2,520 రూపాయల తేడా బోర్డు మీద చూపించండి, దశాంశం బడిలో అర్థం కానివాళ్లకూ అప్పుడు అర్థమవుతుంది. తర్వాత రెండో అడుగు: విత్తనం, ఎరువు, మందులు, కూలీ, దున్నిన ఖర్చు ఇంట్లో అడిగి రాసుకు రమ్మనండి. అప్పుల లెక్క మాత్రం అందరి ముందూ చదివించొద్దు, ఆ కాగితం పిల్లల దగ్గరే ఉండాలి.

దీనికి జోడీగా సర్వపిండి అమ్మకం పెట్టొచ్చు. కిలో బియ్యప్పిండికి 100 గ్రాముల పల్లీలు, 50 గ్రాముల నువ్వులు, నానబెట్టిన శనగపప్పు గుప్పెడు, కారం, ఉప్పు, కరివేపాకు, ఉల్లిగడ్డ. మందాన్ని బట్టి ఎనిమిది నుంచి పది అప్పలవుతాయి. ముందు ధర నిర్ణయించమనండి, తర్వాత ఖర్చు లెక్కించమనండి. దాదాపు ప్రతి గుంపూ పిండి, పల్లీలు రాస్తుంది, కాల్చిన నూనె, గ్యాస్, కూర్చున్న రెండు గంటల కూలి మరిచిపోతుంది. సరుకులకు 240 అయి పది అప్పలు వస్తే ఒక్కోటి 24. ముప్పైకి అమ్మితే లాభమనుకుంటారు. నూనె, గ్యాస్ కలిపాక మిగిలేది చూసి వాళ్లే తల పట్టుకుంటారు. అమ్మ చేసే పనికి కూలి ఎందుకు రాయలేదన్న మాట ఆ లెక్కలోంచే వస్తుంది, అబ్బాయిలతోనే రాయించండి. మిగిలిన డబ్బుతో పొదుపు మొదలుపెట్టించవచ్చు. పదేళ్లు దాటిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరు మీదే పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చు, మొదట కట్టాల్సింది కనీసం 500 రూపాయలు. ఫారం వాళ్లే నింపాలి.

మూడో సాధన దరఖాస్తు. వాడలో వెలగని వీధి దీపం, మూత లేని మోరి, ఆగని బస్సు, ఏదో ఒకటి పిల్లలే ఎంచుకుంటారు. దరఖాస్తులో నాలుగే సంగతులుండాలి: ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, ఎవరికి ఇబ్బంది, ఏం చేయమంటున్నాం. రెండు ప్రతులు రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర అడగడానికి భయపడతారు. అందుకని కేంద్రంలోనే ఒకరు గుమస్తాగా కూర్చుని "తర్వాత రాపో" అంటుంటే ఇంకొకరు నెమ్మదిగా, మళ్లీ అదే మాట అడిగే సాధన మూడుసార్లు చేయించండి. పంచాయతీలో పదిహేను రోజులకూ కదలకపోతే ముద్ర ఉన్న ప్రతితో సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోవచ్చు, వెంట ఒక పెద్దవారు ఉంటే చాలు.

కాదని చెప్పడం కూడా ఇలాగే నేర్పాలి. "ఏం గాదు రా, ఎక్కు, ఒక్క రౌండ్ ఏస్కొని వద్దాం" అని దోస్తు బండి తెస్తాడు. పిల్లలు "మా నాయిన తిడ్తడు", "పనుంది" అని సాకులు చెప్తారు, ప్రతి సాకుకూ అవతల జవాబుంటుంది. "నేను రాను, నువ్వు పో" అన్న చిన్న మాట, ఆ వెంటనే పక్కకు నడిచిపోవడం, ఈ రెండూ కలిపి సాధన చేయించండి. లైసెన్సు లేని మైనర్ బండి నడిపితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చని మోటారు వాహనాల చట్టం చెప్తోంది. ఇది పిల్లలకన్నా ఇంట్లో వాళ్లకు చెప్పాల్సిన మాట.

ఎండాకాలానికి ముందే, ఫిబ్రవరిలో, బావి సాధన ఒక పూట పెట్టాలి. వ్యవసాయ బావుల్లో, చెరువుల్లో, క్వారీ గుంతల్లో ఒకరిని కాపాడబోయి ఇంకొకరు మునగడం జరుగుతుంది. ఈత వచ్చినా సరే, శిక్షణ లేనివాళ్లు దూకకూడదన్నది మొదటి మాట. ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా తీసుకుని గ్లాసెడు నీళ్లు పోసి మూత బిగించండి, ఆ బరువు లేకపోతే గాలికి పక్కకు పోతుంది. పిడికి 15 మీటర్ల నైలాన్ తాడు కట్టి, నేల మీద ఎనిమిది మీటర్ల దూరంలో గీత గీసి విసిరించండి. తాడు రెండో కొసను కాలితో తొక్కిపెట్టాలి, లేకపోతే డబ్బాతోపాటే పోతుంది. లాగేటప్పుడు నిలబడొద్దు, నేల మీద పడుకుని లాగాలి. తాడు లేకపోతే చీరలు, చున్నీలు ముడేసుకోవచ్చు. బయటికి తీశాక శ్వాస లేకపోతే 108కి ఫోన్ చేస్తూనే నోటితో ఊపిరి అందించి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కడం వద్దు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ భాగం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందితో చేయించండి. ఆశా వర్కర్‌ను అడిగితే వారానికొకసారి వేసుకునే ఐరన్ మాత్రల గురించి కూడా అదే రోజు చెప్తారు: 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న నీలి మాత్ర, అన్నం తిన్నాక వేసుకోవాలి. పరగడుపున వేసుకుని కడుపు తిప్పిన పిల్లలు మళ్లీ దాని జోలికి పోరు.

నమ్మకం కుదిరాక, నాలుగైదు నెలలకు, ఎవరో ఒకరు పక్కకు పిలిచి "ఎవరికీ చెప్పనంటేనే చెప్తా" అంటారు. ఆ మాట ఇవ్వొద్దు. "నీకు ఆపద ఉంటే కాపాడేవాళ్లకు చెప్పాల్సి వస్తది, అంతకుమించి ఎవ్వరికీ చెప్పను" అనండి. లైంగిక హింస సంగతి అయితే మధ్యలో ప్రశ్నలు వేయొద్దు, పిల్ల వాడిన మాటలే తేదీ, వేళతో రాసుకోండి, మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేసి తీరాలి. ఊళ్లో కూర్చుని మాట్లాడుకుని సర్దేయడం చట్టరీత్యా నేరం, పిల్లకు రెండోసారి చేసిన అన్యాయం. పిల్లల సహాయ నంబరు 1098 ఏ వేళలోనైనా ఉచితంగా పలుకుతుంది. చక్కగా వచ్చే పద్నాలుగేళ్ల పిల్ల ఉన్నట్టుండి మూడు వారాలు రాకపోయినా, పెళ్లి మాట చెవిన పడినా అదే నంబరు. ఫోన్ చేసినవాళ్ల పేరు బయటపెట్టరని పిల్లలకూ చెప్పండి.

ఫలితాల వారం గురించి ఇంకా జాగ్రత్త. ఇంటర్, పదో తరగతి ఫలితాల తేదీ ప్రకటించిన రోజే రాసిన పిల్లల పేర్లు రిజిస్టరులో వేరుగా రాసుకుని, పెద్దవాళ్లిద్దరూ పంచుకోండి. ఫలితానికి ముందే ప్రతి ఇంటికీ పోయి మూడు సంగతులు చెప్పాలి: ఆ రెండు రోజులు పిల్లను ఒంటరిగా ఉంచొద్దు, పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీసి తాళం వేసిన చోట పెట్టాలి, పక్కింటి మార్కులతో పోల్చి ఒక్క మాటా అనొద్దు. తప్పితే సప్లిమెంటరీ ఉంది, అదే ఏడాది పై చదువుకు పోవచ్చు. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ గడువు మాత్రం కొద్ది రోజులే ఉంటుంది, ఫారం వివరాలు చేతిలో పెట్టుకునే వెళ్లండి. ఎవరైనా మాట్లాడటం మానేసి, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడొద్దు, అడిగినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే పక్కనే కూర్చుని మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలీ మానస్‌కు ఫోన్ కలపండి. అది రాత్రింబవళ్లూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చదువు మధ్యలో ఆగినవాళ్లకు తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది, 14 నిండితే పదో తరగతికి కట్టవచ్చు.

బంతి గొడవ కూడా చూసుకోవాలి. ఆట గంట ఇష్టానికి వదిలేస్తే పెద్ద అబ్బాయిలు బంతి తీసుకుంటారు, అమ్మాయిలు గోడకు ఆనుకుంటారు, నెలకు వాళ్లు కనపడరు. మొదటి అరగంట మైదానం అమ్మాయిలదే అని రాసిపెట్టండి, తర్వాత కలిసి ఆడే ఆట. గొడవైతే తీర్పు మీరు చెప్పొద్దు. ఇద్దరితోనూ అవతలివాడు అన్నది ముందు చెప్పించి, తర్వాత తన మాట చెప్పించండి.

పదహారు దాటినవాళ్లకు తాళంచెవి ఇవ్వండి, తెరవడం, హాజరు వేయడం వాళ్ల పని. ఆధార్‌లో 15 ఏళ్లకు చేయించాల్సిన వేలిముద్రల నవీకరణ ఎవరిది మిగిలిపోయిందో వాళ్లే జాబితా రాస్తారు, అది చేయించకపోతే పరీక్ష ఫారాల దగ్గర ఆగిపోతారు. పదిహేడు నిండినవాళ్లు ఓటరు నమోదుకు ఫారం 6 ముందుగానే ఇవ్వొచ్చు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీల్లో తమకు పద్దెనిమిది ఏ తేదీ నాటికి నిండుతుందో పుట్టిన తేదీ పక్కన పెట్టుకుని లెక్కేయమనండి, ఆ ఫారం వాళ్ల చేతిరాతతోనే పోవాలి.