హైదరాబాద్‌లో నాటకం చూడబోతున్నారా? ముందు ఈ రెండూ చూసుకోండి

రవీంద్రభారతిలోనో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో కొత్త నాటకం ఉందంటే, ఆహ్వానంలో వేసిన టైము చాలాసార్లు సభదే. జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు అయ్యాకే తెర లేస్తుంది. నిర్వాహకులకు ఫోన్ చేసి "నాటకం ఎన్నింటికండీ?" అని విడిగా అడగండి. ప్రవేశం ఉచితమైతే అరగంట ముందే వెళ్లాలి. సీటు నంబరుండదు, ముందొచ్చినవాళ్లదే కుర్చీ. రవీంద్రభారతికి మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లొచ్చు.

ఇక కూర్చునే చోటు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. రంగస్థల మాయలకు పేరున్న, 1885లో మొదలైన సురభి నాటక సమాజం వారి నాటకమైతే మొదటి రెండు వరుసలూ వదిలేయండి. అంత దగ్గర్నుంచి చూస్తే, గాల్లో తేలే పాత్రను మోసే తీగ లైటు పడగానే తళుక్కుమంటుంది, మాయ చెదిరిపోతుంది. మరీ పక్కకు కూర్చున్నా చిక్కే: వింగ్‌లో, అంటే వేదిక పక్క చాటున, తాడు లాగే మనిషి కనిపిస్తాడు, రంగుల తెరల లోతు పోతుంది. నడిమధ్యన, ఆరు నుంచి పదో వరుస దాకా మేలు. పిల్లలుంటే నడవ పక్క కుర్చీ ఇవ్వండి, ముందు తల అడ్డం రాదు.

పద్యనాటకానికి స్పీకర్ పెట్టె ఎదురుగా వద్దు. రాగాలాపన పైస్థాయికి వెళ్లినప్పుడు మైకు గీపెట్టి పద్యంలో మాటలు మింగేస్తుంది. బంజారాహిల్స్ లామకాన్ లాంటి చిన్న వేదికల్లో మాత్రం ముందు వరుసే పట్టండి. అక్కడ నటుడి కళ్లు చూడాలి.