ఊరెళ్లి వచ్చాక ఫ్రిజ్‌తో వచ్చే తలనొప్పులు, వెళ్లేముందే చెయ్యాల్సిన పనులు

తిరిగొచ్చి ఫ్రిజ్ తెరవగానే ముక్కు మూసుకోవాల్సి వస్తే చాలాసార్లు తప్పు ఫ్రిజ్‌ది కాదు. వెళ్లేముందు ఆపాలా నడపాలా అని తేల్చుకోకుండా సగం సగం పని చేసి తాళం వేసుకుని పోతాం కదా, గోలంతా అక్కడే. ఆపితే మొత్తం ఖాళీ చేసి తలుపు తెరిచి పెట్టాలి, నడిపితే తలుపు గట్టిగా పడిందో లేదో చూసి వదిలెయ్యాలి. రెండు మూడు వారాలైతే నడపడమే మేలు, నెల దాటితే ఆపెయ్యండి అంటాను నేను.

సమస్య: తలుపు తియ్యగానే ముక్కిన వాసన, గోడల మీద నల్ల చుక్కల బూజు

కారణం: స్విచ్ ఆపి తలుపు మూసేశారు. లోపలున్న మంచు కరిగి తేమ అయింది, గాలి ఆడలేదు, చల్లదనం లేదు, ఇంక బూజుకి ఏం కావాలి.

పరిష్కారం: లీటరు గోరువెచ్చటి నీళ్లలో ఒక టేబుల్‌స్పూన్ వంటసోడా కలిపి లోపలంతా తుడవండి. అరలు, ట్రేలు బయటికి తీసి విడిగా కడగండి, కానీ గాజు అర చల్లగా ఉన్నప్పుడు వేడినీళ్లు పొయ్యకండి, పగులుతుంది. ఎంత తుడిచినా వాసన పోవట్లేదంటే జనం వదిలేసే చోట్లు మూడున్నాయి: తలుపు రబ్బరు మడతలు, లోపల వెనక గోడ కింద నీళ్లు పోయే చిన్న కన్నం, బయట వెనకవైపు కంప్రెసర్ దగ్గర ఆ నీళ్లు పడే ట్రే. ఆ ట్రేని కొన్నప్పట్నుంచీ చూడనివాళ్లే ఎక్కువ. తర్వాత ఒక గిన్నెలో వంటసోడా గానీ బొగ్గు ముక్కలు గానీ లోపల పెట్టి ఉంచండి.

ఈసారి వెళ్లేముందు మాత్రం ఒకరోజు ముందే ఆపి, మంచంతా కరిగాక పొడిగుడ్డతో తుడిచి, తలుపు మూసుకోకుండా మధ్యలో మడిచిన టవల్ అడ్డం పెట్టండి. ఇంట్లో ఎవరైనా ఉండి చిన్నపిల్లలు తిరుగుతుంటే తలుపు ఆ సందు కంటే ఎక్కువ తెరుచుకోకుండా తాడుతో కట్టండి, లోపలికి దూరితే ప్రమాదం.

సమస్య: ఫ్రీజర్‌లో అన్నీ గట్టిగానే ఉన్నాయి, కానీ ప్యాకెట్లు అతుక్కుపోయాయి, ఐస్‌క్రీమ్ డబ్బాలో ఒక పక్కకి ఒరిగి గడ్డకట్టింది

కారణం: మీరు లేనప్పుడు చాలాసేపు కరెంట్ పోయి అంతా కరిగి, వచ్చాక మళ్లీ గడ్డకట్టింది. తలుపు తియ్యకపోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు ఆగుతుంది, సగం నిండినది 24, కింద ఫ్రిజ్ భాగం 4 గంటలే.

పరిష్కారం: మాంసం, చేపలు, పాలతో చేసినవి పారెయ్యడమే. రుచి చూసి తేల్చుకుందాం అనుకోకండి, చెడిపోయింది రుచికి తెలియాలని లేదు. మళ్లీ వెళ్లేటప్పుడు ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన నాణెం పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచండి. వచ్చేసరికి నాణెం పైనే ఉంటే సరే, అడుగున ఉంటే అంతా కరిగిపోయిందన్నమాట, మధ్యలో ఉంటే కొంత కరిగింది, అప్పుడు కూడా నేనైతే మాంసం ఉంచను. ఖాళీ ఉన్నచోట నీళ్ల సీసాలు పెట్టండి, చల్లదనం నిలుస్తుంది, నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి కాబట్టి మెడ దాకా నింపొద్దు.

సమస్య: ఇంట్లో కరెంట్ ఉంది, ఫ్రిజ్ మాత్రం ఆగిపోయి ఉంది

బయల్దేరే హడావిడిలో అన్ని స్విచ్‌లూ ఆపుతూ దీన్నీ ఆపేసి ఉంటారు, లేదా స్టెబిలైజర్ గానీ, కరెంట్ బోర్డులో తనంతట తానే పడిపోయే స్విచ్ (ఎంసీబీ) గానీ ట్రిప్ అయి ఉంటుంది. ఆ స్విచ్ మీద టేప్ అంటించండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి గోడ సాకెట్‌కే పెట్టండి. ఊరికే ట్రిప్ అవుతుంటే వెళ్లేముందే ఎలక్ట్రీషియన్‌కి చూపించాలి.

సమస్య: ఫ్రీజర్ నిండా మంచు పేరుకుపోయి డ్రాయర్ రావట్లేదు

కారణం: తలుపు సరిగ్గా పడలేదు లేదా రబ్బరు వదులైంది. తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే అక్కడ గాలి దూరుతున్నట్టే. ముందు రబ్బరు కడిగి చూడండి, కొన్నిసార్లు జిడ్డే కారణం, తగ్గకపోతే మార్పించండి.

మంచుని కత్తితో పొడవొద్దు. వెనకున్న గొట్టానికి చిల్లు పడితే చల్లబరిచే గ్యాస్ పోతుంది, ఇప్పటి చాలా ఫ్రిజ్‌లలో ఉండే ఆర్600ఏ మండే గ్యాస్ కూడా. ఆపి, తలుపు తీసి, కింద గుడ్డలు పరిచి కరగనివ్వండి.

సమస్య: ఫ్రిజ్ కింద నీళ్లు

ఐస్ మేకర్ ఉన్నదైతే దాని పైపు చూడండి, వెళ్లేముందు నీళ్ల వాల్వ్ కట్టేసి ఐస్ మేకర్ ఆపాల్సింది. లేనిదైతే లోపల వెనక గోడ కింద నీళ్లు పోయే కన్నం మూసుకుపోయి ఉంటుంది, సిరంజితో గోరువెచ్చటి నీళ్లు కొడితే చాలావరకు వదులుతుంది.

సమస్య: ఆగకుండా నడిచింది, అయినా పాలు, ఆకుకూరలు పాడైపోయాయి

ఫ్రిజ్ చెడిపోవడాన్ని నెమ్మది చేస్తుంది, ఆపదు. తొందరగా పాడయ్యేవి ముందే తినండి, ఇచ్చెయ్యండి, లేదా ఫ్రీజర్‌లో వెయ్యండి. ఇంకోటి, వెకేషన్ మోడ్ పెట్టి వెళ్లారేమో చూడండి. కొన్ని మోడళ్లలో అది పెడితే ఫ్రీజర్ మామూలుగానే ఉంటుంది గానీ ఫ్రిజ్ భాగంలో చల్లదనం తగ్గుతుంది, దాన్ని ఖాళీగా ఉంచి వెళ్లేవాళ్ల కోసమే ఆ మోడ్. తిండి ఉంటే ఫ్రిజ్ 4 డిగ్రీల్లోపు, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి.

ఆపిన ఫ్రిజ్‌ని వచ్చాక ఆన్ చేసి వెంటనే నింపెయ్యకండి, చల్లబడడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఆన్ చేసి వెంటనే ఆపాల్సి వస్తే మళ్లీ వేసేముందు ఓ 5 నిమిషాలు ఆగండి, కంప్రెసర్‌కి మంచిది.